కుర్తా ఎమ్మిగనూరుది: టీకా తాత్పర్య సహితం

మూలం

కుర్తా ఎమ్మిగనూరుది, జీన్స్ ఆదోనిది, ముఖం మా నాన్నది, ఫొటో తమ్ముడిది.

అవతారిక

పెద్దలు కావ్యాలకు టీకలు రాశారు. నాకు దొరికింది వాట్సాప్ స్టేటస్. మంత్రాలయంలో తుంగభద్ర మెట్ల మీద, దర్శనానికి వెళ్ళబోయే ముందు, సాయంత్రపు ఎండలో మా మేనకోడలు ఫొటో దిగి దాని కింద పై వాక్యం రాసింది. గ్రంథం ఆయుర్దాయం 24 గంటలు. ఆ లోపల వ్యాఖ్యానం పుట్టకపోతే మూలమే మాయమవుతుంది. కాళిదాసు వ్యాఖ్యాతలకు ఈ తొందర లేదు.

ఊరు మాత్రం వ్యాఖ్యాతలకు అచ్చొచ్చిన ఊరే. 1671లో రాఘవేంద్రస్వామి ఇక్కడ సజీవంగా బృందావన ప్రవేశం చేశారని బస్సు దిగే ప్రతి మనిషికీ తెలుసు. ఆయన జీవితమంతా చేసిన పని టీకలు రాయడమని ఎందరికి తెలుసో చెప్పలేను. బ్రహ్మసూత్రాలకు మధ్వాచార్యుల అనువ్యాఖ్యానం, దానికి జయతీర్థుల న్యాయసుధ, ఆ సుధకు మళ్ళీ రాఘవేంద్రుల పరిమళం. వ్యాఖ్యకు వ్యాఖ్యకు వ్యాఖ్య అన్నమాట. గ్రంథాలకూ తాత తండ్రి మనవడు వరస ఉంటుందని నమ్మేవాళ్ళకు ఇంతకన్నా పుణ్యక్షేత్రం లేదు.

ఇక వ్యాఖ్యాత యోగ్యత. మెదక్ వైపు కొలిచారం నుంచి వచ్చిన మల్లినాథసూరి, మూలం దాటననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. నేను ఆ ఒట్టు పెట్టుకోను. పెట్టుకుంటే ఈ టీక అయిదు వాక్యాల్లో అయిపోతుంది. పైగా నేను నిష్పక్షపాతిని కూడా కాను. మూలకర్త్రికి మేనమామను, అంటే తల్లివైపు మనిషిని. నాలుగు ముక్కల మూలంలో ఊళ్ళు రెండు వచ్చాయి, తండ్రి వచ్చాడు, తమ్ముడు వచ్చాడు. తల్లి రాలేదు. ఈ టీక పుట్టడానికి అదే కారణం.

ప్రతిపదార్థం

కుర్తా = మోకాళ్ళ దాకా దిగిన, తెల్లటి, నిలువు చారల, కాలరు లేని చొక్కా; ఎమ్మిగనూరుది = ఎమ్మిగనూరులో నేసినది; జీన్స్ = నీలపు ప్యాంటు (దర్శనం వేళకు గదికి వెళ్ళి చీరలోకి మారుతుంది గనక ఈ పదం మెట్ల వరకే చెల్లుతుంది); ఆదోనిది = ఆదోని బజారులో కొన్నది; ముఖం = నుదురు మొదలు గడ్డం వరకు గల భాగం, ఫోన్‌లోని ఫిల్టరు పోను మిగిలినది; మా నాన్నది = మా బావది; ఫొటో = ఎదుట ఉన్న చిత్రం; తమ్ముడిది = ఇంటర్మీడియట్ చదువుతున్న కుర్రవాడిది.

ఇక్కడ ‘ది’ నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ ఒకే రకం సొత్తు కాదు. మొదటిది పుట్టుక వల్ల, రెండోది డబ్బు వల్ల, మూడోది వారసత్వం వల్ల, నాలుగోది చాకిరీ వల్ల.

తాత్పర్యం

నా ఒంటి మీద ఉన్నదంతా మా సీమదే, నా ముఖం మా ఇంటిదే, చూసి మెచ్చుకోండి అని.

విశేషాలు

1. కుర్తా ఎమ్మిగనూరుది.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేతగాళ్ళ సహకార సంఘం పెట్టాడు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఊళ్ళో సంఘం అంటే చాలు, ఏ సంఘం అని అడగరు.

శంక: ఎమ్మిగనూరు పేరు చెబితే దుప్పట్లు, తువాళ్ళు గుర్తొస్తాయి గాని కుర్తాలేమిటి?

సమాధానం: గుడ్డ దుప్పటిదే. మూలకర్త్రి దాన్ని టైలరు దగ్గరికి తీసుకుపోయి కుర్తాగా కుట్టించుకుంది. ఆ నిలువు చారలు దుప్పటి అంచు చారలని, మెడ దగ్గర జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది. ఈ సంగతి ఆమె మూలంలో దాచింది. దాచడం కవి హక్కు, బయటపెట్టడం వ్యాఖ్యాత వృత్తి. దుప్పటి కప్పుకుని పడుకుంటే సోమరితనం, కుట్టించుకుని నది ఒడ్డున నిలబడితే ఫ్యాషన్ అని ఆలంకారికులు చెప్పుకోవాల్సిందే.

2. జీన్స్ ఆదోనిది.

జీన్స్ అనగానే బట్ట ఒక పక్క, జన్యువులు ఒక పక్క పెట్టి శ్లేష చెప్పమని శిష్యులు మీద పడతారు. 1998లో శంకర్ కవలల కథకు ఆ పేరుతో సినిమా తీసి ఆ శ్లేషను అరగదీశాడు. మనకు వద్దు. వస్తువు దగ్గరికి పోదాం.

ఆదోనిని రెండో బొంబాయి అనడం మా వైపు అలవాటు. అది చెప్పేవాడు ఆదోనివాడై ఉంటాడు. ఊరు 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లా బిడ్డ. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డ రోజున బళ్ళారి మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు కర్నూలు ఒడిలోకి వచ్చాయి. ఇప్పటికీ అక్కడి తెలుగులో కన్నడం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో గీత గీయలేం. ఈ కలగలుపు సంగతి ముందుకు పనికొస్తుంది, గుర్తుంచుకోవాలి.

ఆ ఊరికి బలం పత్తి. మార్కెట్ యార్డు, జిన్నింగ్ మిల్లులు, బండ్ల వరసలు. మన మూలంలోని ప్యాంటు ఎక్కడ నేసిందో కొట్టువాడికే తెలియదు గాని, దాని నూలు ఏ కులానిదో దాదాపు కచ్చితంగా చెప్పొచ్చు. లోకంలో పండే పత్తిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఒకే జాతిది, అమెరికా పత్తి, శాస్త్రంలో గాసీపియం హిర్సూటం. మఠంలో సేవ రసీదు రాసేటప్పుడు గోత్రం అడుగుతారు. ఈ ప్యాంటును అడిగితే ఏం చెబుతుంది?

చాలా చెబుతుంది. మన నల్లరేగడి నేలల్లో తాతల కాలం నుంచి పండిన నాటు పత్తికి క్రోమోజోములు 26. అమెరికా పత్తికి 52. ఈ రెట్టింపు ఎక్కడిదని శాస్త్రజ్ఞులు చాలాకాలం తల పట్టుకున్నారు. సమాధానం ఒక పెళ్ళి. పది ఇరవై లక్షల ఏళ్ళ కిందట, మన నాటు పత్తికి దగ్గరి చుట్టమైన ఒక మొక్క గింజ ఆఫ్రికా, ఆసియాల వైపు నుంచి సముద్రం దాటి అమెరికా గడ్డ మీద మొలిచింది. అక్కడి అడవి పత్తితో కలిసింది. మామూలుగా ఇంత దూరపు సంబంధాల్లో పుట్టిన మొక్క గొడ్డుపోతుంది. ఇక్కడ ఇద్దరి క్రోమోజోములూ మొత్తం రెట్టింపై, ఇంటికి ఇల్లు సామాను సహా నిలబడి వంశం సాగింది. 26కు 26 కలిసి 52. 1940లో అమెరికాలో బీస్లీ అనే ఆయన నాటు పత్తినీ అమెరికా అడవి పత్తినీ కలిపి, కాల్చిసిన్ మందుతో క్రోమోజోములు రెట్టింపు చేసి, ఈ పెళ్ళి జరగగలిగినదేనని చేసి చూపించాడు. మనిషికి ఉన్నవి 46. ఒంటి మీది ప్యాంటుకు ఒంటికన్నా ఆరు ఎక్కువ.

ఇందులో మనకు కావలసిన ముక్క ఇప్పుడు వస్తుంది. ఆ పెళ్ళిలో ఎవరు తల్లి? ఆకుపచ్చదనానికి ఆధారమైన కణభాగాల్లో కూడా సొంత జన్యువులుంటాయి. పత్తిలో అవి తల్లి నుంచే దిగుతాయి. వాటిని పరీక్షిస్తే, సముద్రం దాటి వచ్చిన మొక్కే తల్లి అని తేలింది. వడకడానికి పనికొచ్చే నూలు కూడా ఆమె పుట్టింటి సొత్తే. తండ్రి అడవి పత్తి. పెరూలోని దాని దగ్గరి చుట్టాల గింజ మీద ఈనాటికీ వడకదగిన దూది ఉండదు. న్యాయంగా ఇంకోమాట చెప్పాలి: దూది లేని ఆ తండ్రి తెచ్చిన జన్యువుల్లో కొన్ని, బిడ్డ నూలు మేలుగా రావడానికి తోడ్పడుతున్నాయని కూడా పరిశోధకులు చూశారు. మా బావ ఈ వాక్యం కింద గీత గీసుకోవచ్చు.

తర్వాతి తరాల సంగతి టూకీగా. 2002 తర్వాత మన దేశంలో ఈ వంశంలోకి నేలలోని బాక్టీరియా జన్యువొకటి చేరింది, బీటీ పత్తి అంటున్నది అదే. నంద్యాల, గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో ఆడ సాళ్ళు, మగ సాళ్ళు వేరుగా నాటి, ఆడపూల లోంచి కేసరాలు చేత్తో తీసేసి, మర్నాడు మగపూల పుప్పొడి చేత్తోనే అద్దుతారు. కూలీలు దీన్ని క్రాసింగ్ అంటారు. అమ్మ ఎవరో నాన్న ఎవరో కంపెనీకి తెలుసు, ప్యాకెట్ మీద ఉండదు.

అన్నిటికన్నా గట్టి ప్రమాణం గింజ దగ్గరే ఉంది. దూది పోగు ఒక్కొక్కటీ ఒకే ఒక కణం. గింజ పైపొర మీద ఉండే కణం, రెండున్నర మూడు సెంటీమీటర్ల పొడవు సాగి పోగవుతుంది. గింజ లోపలి బీజంలో తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటారు. పైపొర మాత్రం తల్లి ఒళ్ళే. పుప్పొడి ఏ చెట్టుదైనా సరే, ఆ పొరలో దాని వాటా లేదు. జిన్నింగ్ మిల్లులో గింజను వేరు చేసినప్పుడు తండ్రి ఉన్న భాగం నూనె మిల్లుకు పోతుంది, తల్లి భాగం మగ్గానికి వస్తుంది. కుర్తా కూడా నూలుదే కాబట్టి ఈ న్యాయం దానికీ వర్తిస్తుంది. మూలకర్త్రి ఒంటి మీద ఆ సాయంత్రం తల్లి తప్ప ఇంకేమీ లేదు. మూలంలో మటుకు తల్లి లేదు.

3. ముఖం మా నాన్నది.

ఇది మూలానికి గుండెకాయ, వివాదానికి కూడా.

పూర్వపక్షం మా బావది. “చూడప్పా, ఆ ముక్కు చూడు, ఆ నొసలు చూడు. అచ్చు దించినట్ల ఉంది గదా,” అంటాడు. చుట్టాలందరూ ఆయన పక్షమే. ఊరు ఊరంతా చూసి చెప్పినదాన్ని కాదనడానికి వ్యాఖ్యాతకు గుండె ధైర్యం ఉండాలి.

సిద్ధాంతం: ముఖానికి ఒక జన్యువు అంటూ లేదు. ముక్కు వెడల్పు దగ్గర్నుంచి గడ్డం వంపు దాకా వందల జన్యువులు తలా కాస్త చేయి వేస్తాయి. వాటిలో సగం తల్లివి, సగం తండ్రివి. లెక్క కచ్చితంగా కావాలంటే తల్లిదే పైచేయి, ఎందుకంటే కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని 37 జన్యువులూ తల్లి నుంచే వస్తాయి, తండ్రివి రావు.

ఇది చాలదన్నవాళ్ళ కోసం ఎక్స్ క్రోమోజోము. ఆడపిల్లకు రెండు ఎక్స్‌లు, తల్లిదొకటి, తండ్రిదొకటి. తండ్రికి ఉన్నది ఒక్కటే. అది ఆయనకు తన తల్లి ఇచ్చింది. తల్లులు తమ రెండు ఎక్స్‌లనూ కత్తిరించి కలిపి కొత్తది చేసి బిడ్డకిస్తారు. తండ్రి దగ్గర కలపడానికి రెండోది లేదు గనక, కొసల దగ్గర కొద్ది ముక్క తప్ప, తనకొచ్చినది వచ్చినట్టే కూతురికి అప్పగిస్తాడు. అంటే ఈ విషయంలో తండ్రి దాత కాడు, వాహకుడు. ‘మా నాన్నది’ అన్న చోట ‘మా నాయనమ్మది, మా నాన్న ద్వారా’ అని అధ్యాహారం చేసుకోవాలి.

నాయనమ్మ ఎవరు? ఇక్కడే వ్యాఖ్యాతకు లాటరీ తగిలింది. మా అక్కది మేనరికం. మేనత్త కొడుకునే చేసుకుంది. కాబట్టి మూలకర్త్రి నాయనమ్మ స్వయంగా మా నాన్నకు తోడబుట్టిన చెల్లెలు, మా ఇంటి ఆడపడుచు. బావ మీసం తిప్పి చూపించే ఆ ఎక్స్ మా ఇంట్లో పుట్టి, మెట్టినింటికి పోయి, మనవరాలి రూపంలో తిరిగొచ్చింది. ఈ సంగతి విన్న మేనత్త ఏ శాస్త్రమూ తిరగెయ్యకుండా, “వాడి మొగం యాడిదిలే, నా మొగమే అది,” అనేసింది. ఆమెకు ఎనభై దాటాయి. ఆమె మాట ఆప్తవాక్యం.

మేనరికం మాట వచ్చింది గనక ఒక్క క్షణం నవ్వు పక్కన పెడతాను. అత్తామామల పిల్లలు తమ జన్యువుల్లో ఎనిమిదో వంతు పంచుకుంటారు. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. కుటుంబంలో లోపమున్న జన్యువు దాక్కుని ఉంటే, రెండు వైపుల నుంచీ అదే వచ్చి బిడ్డలో బయటపడే అవకాశం పెరుగుతుంది. మా సీమలో ఆస్తి పోకూడదని, పిల్ల దూరం పోకూడదని చేసుకున్న సంబంధాలకు ఈ ఖర్చు ఉందని ఇప్పుడు చాలా ఇళ్ళకు తెలుసు. మూలకర్త్రి తరం వాళ్ళు మేనరికం అంటే మొహం తిప్పుకుంటున్నారు, మంచిదే.

మళ్ళీ ముఖంలోకి. రెండు ఎక్స్‌లు ఉన్నా ఆడపిల్ల కణాలు రెండిటినీ సమానంగా వాడవు. పిండం పసిగా ఉన్నప్పుడే ఒక్కో కణం ఒక్కో ఎక్స్‌ను చుట్టచుట్టి మూల పెట్టేస్తుంది. ఏది మూల పడాలన్నది అదృష్టం మీద ఆధారం. ఆ కణం నుంచి పుట్టినవన్నీ అదే పద్ధతి పాటిస్తాయి. చుట్టచుట్టిన ఆ ముద్దను 1949లో ముర్రే బార్, ఆయన శిష్యుడు బెర్ట్రామ్ పిల్లి నరాల కణాల్లో చూశారు. అసలు జరుగుతున్నదేమిటో 1961లో మేరీ లయన్ వివరించింది. కొన్ని జన్యువులు మాత్రం చుట్టలో ఉండి కూడా మెలకువగానే ఉంటాయి. మొత్తం మీద ఆడమనిషి ఒళ్ళు కలనేత చీర లాంటిది: ఒకచోట తల్లి ఎక్స్ పైకి తేలుతుంది, పక్కనే తండ్రి ఎక్స్ తేలుతుంది, కంటికి ఒకే రంగులా కనబడుతుంది. మన మూలకర్త్రి విషయంలో ఇంకో చిత్రం. ఆమె రెండు ఎక్స్‌లకూ మూలాలు ఆమె ముత్తవ్వ, అంటే మా నాయనమ్మ, దగ్గర కలుస్తాయి. కొన్ని చోట్ల పడుగూ పేకా ఒకే రంగు అయ్యుండొచ్చు.

అందుచేత ‘ముఖం మా నాన్నది’ అన్నది వస్తుకథనం కాదు, అతిశయోక్తి. కూతుళ్ళు తండ్రుల గురించి వాడే అతిశయోక్తిని అలంకారశాస్త్రం దోషంగా లెక్కించదు.

అనుక్తం

ఫొటోలో కుడివైపు, రెండో మెట్టు మీద ఒక పిల్లి ఉంది. నలుపు, పసుపు, తెలుపు మచ్చలు. మూలం దాని ఊసెత్తలేదు గాని చిత్రంలో పడ్డాక వ్యాఖ్యాతకు వదిలిపెట్టే హక్కు లేదు. తమ్ముడు దాన్ని గండుపిల్లి అన్నాడు. తప్పు. పైన ఎక్స్ గురించి చెప్పిన కలనేత సంగతి చర్మం మీద అచ్చు వేసుకుని తిరిగే ప్రాణి అది. పిల్లుల్లో పసుపు వన్నె జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. ఒక ఎక్స్ పసుపుదీ రెండోది కాదూ అయితే, ఏ మచ్చలో ఏది మేల్కొని ఉందో ఆ రంగు పైకి వస్తుంది. తెలుపు వేరే జన్యువు పని. గండుపిల్లికి ఎక్స్ ఒక్కటే గనక నలుపూ పసుపూ రెండూ కలిసి రావు. ఎప్పుడో అరుదుగా ఒక ఎక్స్ ఎక్కువగా పుట్టిన గండుపిల్లికి తప్ప. ఆ పసుపు జన్యువు కచ్చితంగా ఏదో చాలాకాలం దొరకలేదు. జపాన్, అమెరికా బృందాలు విడివిడిగా వెతికి 2025లో దాని చిరునామా ప్రచురించాయి. ఎక్స్ మీద ఒకచోట చిన్న తునక లేకపోవడమే కారణమట. ఫొటోలో మూలకర్త్రి కళ్ళు కెమెరా మీద, పిల్లి కళ్ళు పరిమళ ప్రసాదం పొట్లం మీద ఉన్నాయి.

4. ఫొటో తమ్ముడిది.

నాలుగు ‘ది’ల్లో చట్టం ఒప్పుకునేది ఇదొక్కటే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసినవాడు, దిగినవాళ్ళు కారు. ఫోన్ ఎవరిదన్నది అప్రస్తుతం. తమ్ముడు మటుకు ఫ్రేములోకి రాలేదు. లోపలికి పోయేటప్పుడు మగవాళ్ళు చొక్కా విప్పాలి గనక ముందే విప్పి భుజాన కండువా వేసుకున్నాడు. బట్టల ఫొటోలో బట్టలు లేనివాడికి చోటెక్కడిది? జన్యువుల లెక్కలో ఇతను అక్కకు ఎదురు: తండ్రి నుంచి వై వచ్చింది, ఎక్స్ రాలేదు. రసీదు దగ్గర చెప్పే గోత్రం, ఈ వై, రెండూ తాత తండ్రుల మీదుగా ఒకే దారిన నడిచొస్తాయి. నాయనమ్మ మొగం వాడికి ఎక్స్ దారిన రాలేదని అతను కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. మిగతా 22 జతల్లో ఆమె వాటా ఉందని చెప్పి ఊరుకోబెట్టాం.

పాఠాంతరం

స్టేటస్ పెట్టిన గంటకు మా అక్క చూసింది. ఎమ్మిగనూరు నుంచి ఫోన్. “కుర్తా ఎమ్మిగనూరుదంట, మొగం వాళ్ళ నాయనదంట. తెల్లారుజామున లేసి దానికి ఇస్త్రీ చేపిచ్చింది ఎవురే మరి?” మూలకర్త్రి వెంటనే పాత ప్రతి తీసేసి కొత్త ప్రతి పెట్టింది. అందులో చివర ‘ఇస్త్రీ అమ్మది’ అని అదనంగా ఉంది.

ఇది ప్రక్షిప్తమని తండ్రి వర్గం వాదన. తొలి ప్రతిలో లేదు, ఒత్తిడి మీద చేరింది, పైగా ఇస్త్రీ చేసింది సందు మొగదల బండివాడు, అమ్మ కాదు. తల్లి వర్గం, అంటే నేను, ఇలా సమర్థిస్తున్నాను. ఇక్కడ ‘చేసినది’ అని అర్థం కాదు, ‘చేయించినది’ అని. ఆదోని కోట కట్టించిన దొరలెవరూ రాళ్ళు మోయలేదు, అయినా కోట వాళ్ళదే అంటున్నాం. కాబట్టి ఈ పాఠమే గ్రాహ్యం, తొలి ప్రతి లేఖక ప్రమాదం. బండివాడికి డబ్బులిచ్చింది మాత్రం తమ్ముడట. ఆ పాఠం ఇంకా ఏ ప్రతిలోకీ ఎక్కలేదు.